ఎండకు ఒక దారి, చలికి ఒక దారి: బెంగళూరులో ఎలుకలను కాలం చూసి కట్టడి చేయడం

మారతహళ్లిలో పీజీ హాస్టల్ నడుపుతున్నాను. నాలుగంతస్తుల బిల్డింగ్. కింద వంటిల్లు, సరుకుల గది. పైన టెర్రస్ మీద రేకుల షెడ్డులో డైనింగ్. ఉండేవాళ్లు దాదాపు అందరూ మన తెలుగు పిల్లలే. కడప, నెల్లూరు, ఖమ్మం, శ్రీకాకుళం నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు. వాళ్ల అమ్మలు ఫోన్ చేస్తే మొదట అడిగేది తిండి గురించే. ఆ తిండి మీద ఎలుక మూతి పడకుండా చూడటం నా బాధ్యత.

మా వీధిలో పీజీలు నడిపేవాళ్లు, కింది అంతస్తుల్లో కాపురం ఉండేవాళ్లు తరచూ ఒకే మాట అడుగుతుంటారు: "అక్కా, మందు పెట్టాం, బోను పెట్టాం, నెల తిరక్కుండా మళ్లీ వచ్చాయి. ఏం చేయాలి?" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే. ఏ నెలలో పెట్టారు?

ఎందుకంటే ఎండలు ముదిరినప్పుడు ఎలుకలు ఉండే చోటు వేరు, వాన పట్టినప్పుడు వేరు, చలి మొదలయ్యాక వేరు. అవి లోపలికి వచ్చాక పరుగులు పెట్టేకన్నా, రాబోయే కాలానికి నెల ముందే ఆ దారి మూసేయాలి. బోనూ మందూ ఆ తర్వాతి సంగతి.

ఎలుక ఒంటికి ఎండ, చలి ఏం చేస్తాయి

ఇది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఎలుకకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువైతే బొచ్చు లేని తోకలోకి, చెవుల్లోకి రక్తం ఎక్కువగా పారించి ఆ వేడిని బయటికి వదులుతుంది. అది చాలకపోతే ఉమ్మిని బొచ్చుకు పూసుకుంటుంది. ఉమ్మి ఊరాలంటే నీళ్లు కావాలి. అందుకే ఎండాకాలంలో ఎలుక నీళ్లున్న చోటికి, నీడ ఉన్న చోటికి చేరుతుంది. చలికాలంలో వరస మారుతుంది. చిన్న ఒళ్లు కాబట్టి వేడి తొందరగా పోతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఎక్కువ తినాలి, వెచ్చని మూల వెతుక్కోవాలి, గూట్లో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవాలి. మన ఇళ్లలో తిరిగేవి చలికాలమంతా పడి నిద్రపోయే జాతి కాదు. రాత్రయితే బయటికొచ్చి తినాల్సిందే.

పెద్ద ఎలుక ఎలాగోలా తట్టుకుంటుంది. తట్టుకోలేనివి పిల్లలు. పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరవవు, ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు. కాబట్టి తల్లి గూడు ఎక్కడ కట్టిందో చూస్తే ఆ కాలంలో ఇంట్లో ఏ మూల ఎలుకకు అనువుగా ఉందో తెలిసిపోతుంది. నేను ముందు వెతికేది గూడు.

ఎలుక ఒంటికి హాయిగా ఉండే వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల. ఇప్పుడు బెంగళూరు సంగతి చూడండి. జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో 34 దాకా. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అతి ఎక్కువ ఎండల్లో ఒకటి 2016 ఏప్రిల్‌లో 39.2. ఇందులో ఏదీ గూట్లో ఉన్న ఎలుకను చంపేంతది కాదు. మా మదనపల్లె వైపు పొలాల్లో అయితే ఎండాకాలం గింజా నీళ్లూ దొరక్క వాటి సంతతి కొంత తగ్గుతుంది. ఇక్కడ ఏడాది పొడుగునా చెత్త ఉంది, నీళ్లున్నాయి, గోడల సందులున్నాయి. మూడు వారాలకు ఈత, ఈతకు ఆరేడు పిల్లలు, ఆ పిల్లలు రెండు మూడు నెలలకే మళ్లీ ఈతకు సిద్ధం. "చలికాలం కదా, వాటంతటవే తగ్గుతాయిలే" అని ఎదురుచూస్తే పెరిగిపోవడమే. చిట్టెలుకలైతే మాంసం నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల్లో, సున్నాకంటే తక్కువ ఉష్ణోగ్రతలో కూడా గూడు కట్టి పిల్లలు పెట్టిన దాఖలాలున్నాయి.

2025లో ప్రపంచవ్యాప్తంగా 16 నగరాల లెక్కలు తీసిన ఒక అధ్యయనం వచ్చింది. అందులో 11 నగరాల్లో ఎలుకలు పెరుగుతున్నాయని తేలింది. ఊరు వేడెక్కిన కొద్దీ పెరుగుదల ఎక్కువగా ఉందట. ఆ జాబితాలో బెంగళూరు లేదు. అయినా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉండేవాళ్లకు ఊరు వేడెక్కడం గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఏ రకం వచ్చిందో ముందు చూసుకోండి

మూడు రకాలు ముఖ్యం. పైపులెక్కి, అటకల మీద, రేకుల కింద తిరిగేది ఇంటి ఎలుక. తోక ఒంటికంటే పొడుగు. నేల తవ్వి, కాలువ గట్ల దగ్గర బొరియల్లో ఉండేది పందికొక్కు. అలమరల్లో, సరుకుల డబ్బాల వెనక ఉండే బుల్లిది చిట్టెలుక. మూతి పొడుగ్గా ఉండి, కంపు కొడుతూ, కీచుమంటూ గోడ వెంట పరిగెత్తే చుంచు వేరే. అది ఎలుక జాతే కాదు, పురుగులను తింటుంది. దాని కోసం మందు పెట్టాల్సిన పని లేదు.

పెంటికలు చూస్తే చాలావరకు తెలుస్తుంది. చిట్టెలుకవి బియ్యపు గింజంత, ఇంటి ఎలుకవి అర అంగుళం దాకా, పందికొక్కువి ఇంకా పెద్దవి. మెత్తగా నిగనిగలాడుతుంటే కొత్తవి, పొడిపొడిగా నలిగితే పాతవి అని అందరూ అంటారు. అది వానాకాలానికి సరిపోతుంది. ఏప్రిల్‌లో రాత్రి వేసిన పెంటిక కూడా మధ్యాహ్నానికే ఎండిపోతుంది. అందుకని ఎండాకాలంలో పాతవన్నీ తుడిచేసి, మర్నాడు కొత్తవి ఉన్నాయా అని చూడాలి.

ఇంకా నమ్మకమైన పద్ధతి ముగ్గుపిండి. రాత్రి వంటిల్లు కడిగి, నేల ఆరాక, గోడ వెంట జానెడు వెడల్పున పలచగా చల్లండి. గ్యాస్ బండ వెనక, సింకు కింద, సరుకుల గది గుమ్మం దగ్గర కూడా. పొద్దున్నే ఎవరూ తొక్కకముందే టార్చిలైటు నేలకు ఆనించి పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. ముందుకాళ్లకు నాలుగు వేళ్లు, వెనకకాళ్లకు ఐదు. మధ్యలో తోక ఈడ్చిన గీత. ఆ గీత ఎటు నుంచి మొదలై ఎటు పోయిందో చూస్తే దారి దొరుకుతుంది. మా వంటింట్లో ఆ గీత ఎండాకాలంలో ఆర్వో మిషన్ బకెట్ దగ్గరికి, జనవరిలో డీప్ ఫ్రీజర్ వెనక్కి పోతుంది. అదే వంటిల్లు, అవే గోడలు. నేను ఏ నెలలో ఎక్కడ చూడాలో నేర్చుకున్నది ఆ ముగ్గుపిండి మీదే.

శివరాత్రి నుంచి రోహిణి కార్తె దాకా: నీళ్లు కట్టేయండి

ఫిబ్రవరి చివర చలి వెళ్లగానే ఈ పని మొదలుపెట్టాలి. ఉగాదికి పూర్తి కావాలి.

టెర్రస్ మీద రేకుల షెడ్డు మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. శీతాకాలం అక్కడ వెచ్చగా ఉన్న ఎలుకలు మార్చి, ఏప్రిల్‌లో పైపుల డక్ట్ పట్టుకుని కిందికి దిగుతాయి. డక్ట్ లోపల పైపుల మీద నల్లటి జిడ్డు చార కనబడితే అది వాటి రాకపోకల గుర్తు. రోజూ ఒళ్లు రాసుకుంటూ ఎక్కి దిగడం వల్ల పడే చార అది. పైపు చుట్టూ రేకుతో గరాటు ఆకారంలో గార్డు వేయించండి; వెల్డింగ్ షాపులో చేసిస్తారు. పైపు గోడలోకి వెళ్లే చోట ఉన్న ఖాళీలో స్టీల్ పీచు కుక్కి, మీద సిమెంటు పూయండి. పీచు లేకుండా ఉత్త సిమెంటు పూస్తే పచ్చి మీదే తవ్వేస్తాయి. చిట్టెలుక దూరడానికి పావు అంగుళం సందు చాలు, ఎలుకకు అర అంగుళం. మేడకు ఆనుకున్న చెట్టు కొమ్మలుంటే గోడకు కనీసం మీటరు దూరం ఉండేలా కొట్టించండి.

ఆ తర్వాత రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి ఇల్లంతా తిరిగి తడి ఎక్కడుందో చూడండి. ఆర్వో నుంచి పారే నీళ్ల బకెట్, ఏసీ నీళ్లు కారే మూల, వాషింగ్ మెషిన్ కింద మడుగు, సంపు మూత పక్కన చెమ్మ, ఓవర్‌హెడ్ ట్యాంకు బాల్‌వాల్వు కారడం, పక్షులకు పెట్టిన నీళ్ల మూకుడు. పక్షులకు పగలు పెట్టండి, సాయంత్రం తీసేయండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల మీద బతికినప్పుడు మా సంపు మూత చుట్టూ ఉన్న తడి మట్టిలో ఎప్పుడూ లేనన్ని అడుగులు కనిపించాయి. టెర్రస్ మీద మొక్కలకు వేసిన సన్న పైపును కూడా కొరికేశాయి. బయట నీళ్లు లేనప్పుడు కారుతున్న ఒక్క కుళాయి చాలు, చుట్టుపక్కల ఎలుకలన్నీ అక్కడికే చేరతాయి.

ఈ కాలంలో బోనులో ఎండు చేప, పకోడీ పెడితే పెద్దగా పడవు. టమాటా ముక్క, దోసకాయ ముక్క, పచ్చికొబ్బరి పెట్టండి. దాహం మీద ఉంటాయి కాబట్టి వస్తాయి. చిట్టెలుకలకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అవి గింజలో ఉండే కాస్త తేమతోనే రోజులు గడిపేయగలవు. వాటికి ఏ కాలంలోనైనా సరుకులకు మూతలు బిగించడమే మందు.

ఇంకొక మాట. ఎండాకాలంలో బోనులో పడ్డ ఎలుకను మేడ మీద ఎండలో వదిలేసి మర్చిపోతుంటారు. నీడా నీళ్లూ లేకుండా, పారిపోయే వీలు లేకుండా అది నిలువునా ఉడికి చస్తుంది. దాన్ని వదిలించుకోవాలి కానీ హింస పెట్టకూడదు. బోను తెల్లవారగానే చూడండి. జిగురు అట్టలూ అంతే. అతుక్కున్న ఎలుక గంటల తరబడి పెనుగులాడుతుంది. వాటిని వాడొద్దని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది. మా ఇంట్లోకి అవి రానివ్వను.

వానలు: పందికొక్కుల కాలం

జూన్ నుంచి వానలున్నా, బెంగళూరులో గట్టిగా పడేది సెప్టెంబరు, అక్టోబరులో. రాజకాలువల (ఊరి వాననీళ్లు పోయే పెద్ద కాలువల) గట్లలో, డ్రైనేజీ పక్కన ఉన్న బొరియల్లోకి నీళ్లు పోగానే పందికొక్కులు మెరకకు వస్తాయి. మెరక అంటే మన కాంపౌండ్. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు వైపు మునిగినప్పుడు మా వీధిలో కింది అంతస్తుల వాళ్లందరికీ ఇదే బాధ.

మే నెలాఖరుకల్లా ఇవి చేయండి. డ్రైనేజీ ఛాంబర్ల మూతలు పగిలి ఉంటే మార్చండి. వాననీళ్లు బయటికి పోయే గొట్టాలకు ఇనుప జాలీ బిగించండి. వారానికోసారి చెత్త తీయకపోతే నీళ్లు ఎదురుతంతాయి, అది వాచ్‌మన్‌కు అప్పగించండి. వంటింటి వెనక తలుపు కింద రేకు పట్టీ కొట్టించండి. కాంపౌండ్ గోడ వెంట తాజా మట్టి కుప్ప కనబడితే బొరియ ఉన్నట్టే. ఆ కన్నంలో న్యూస్‌పేపర్ ఉండ కుక్కి వదలండి. మర్నాటికి తోసేసి ఉంటే లోపల పందికొక్కు ఉంది, బోను అక్కడే పెట్టాలి. రెండు మూడు రోజులు పేపర్ కదలకపోతే ఖాళీ బొరియ. కంకర, సిమెంటు వేసి పూడ్చేయండి.

కడలెకాయి పరిషె నుంచి సంక్రాంతి దాటేదాకా: వెచ్చని మూలలు

బసవనగుడిలో కార్తీకమాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల జాతర, జరుగుతుంది. ఆ సందడి మొదలయ్యేసరికి బెంగళూరులో చలి వచ్చేస్తుంది, ఎలుకలూ లోపలికి వచ్చేస్తాయి. నా దృష్టిలో ఏడాదిలో ముఖ్యమైన కాలం ఇదే. ఎండాకాలంలో వచ్చేది నీళ్లు తాగి పోతుంది. చలికి వచ్చింది గూడు కడుతుంది.

ఎక్కడ కడుతుంది? రాత్రంతా వేడి పుట్టే చోట. ఫ్రిజ్ కంప్రెసర్ పక్కన, ఇన్వర్టర్ వెనక, గీజర్ పైన ఫాల్స్ సీలింగ్‌లో, లిఫ్ట్ మోటారు గదిలో, నీళ్ల మోటారు పెట్టెలో. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆపిన కారు బానెట్ కింద కూడా. ఇంజిన్ వేడికి చేరి వైర్లు కొరుకుతాయి. కారు రోజూ తీయని వాళ్లు రాత్రిపూట బానెట్ తెరిచి ఉంచితే లోపల చీకటీ వెచ్చదనమూ ఉండవు.

ఒక డిసెంబరులో మా డీప్ ఫ్రీజర్ వెనక రేకు విప్పించాను. కంప్రెసర్‌కు, గోడకు మధ్య రెండు చేతుల్లో పట్టేంత ఉండ. పైపొర పార్సిల్ కవర్ల ముక్కలు, లోపల న్యూస్‌పేపర్ సన్నగా చీరిన పోగులు, మధ్యలో ఏదో దిండులోంచి లాక్కొచ్చిన దూది. వేలు పెడితే దూది వెచ్చగా తగిలింది. చుట్టూ వేరుశనగ తొక్కలు. ఒక వైరు మీద పైతొడుగు కొరికేసి రాగి తీగ కనబడుతోంది. పిల్లలు లేవు, కట్టడం అప్పుడే అయినట్టుంది. ఇంకో వారం ఆలస్యమైతే గూడు నిండేది, షార్ట్ సర్క్యూట్ అయితే ఇంకా ఘోరం. అప్పటి నుంచి నవంబరు నెలాఖరున ఫ్రిజ్‌లు, ఫ్రీజర్, ఇన్వర్టర్ ముందుకు లాగి వెనక తుడిపించడం మా ఇంట్లో తప్పని పని. ఫ్రిజ్ గోడకు ఆనించకుండా జానెడు ఎడం పెడితే గాలీ ఆడుతుంది, మనిషి కన్నూ పడుతుంది.

గూడుకు సామాను మనమే ఇస్తాం. పాత దిండ్లు, అట్టపెట్టెలు, గోనెపట్టాలు, థర్మోకోల్. వీటిని దీపావళి శుభ్రంలోనే బయటికి పంపండి. ఖాళీ చేసి వెళ్లిన పిల్లలు వదిలేసిన పరుపులు మెట్ల కింద దాచొద్దు.

తిండి సంగతి. డిసెంబరు, జనవరి అంటే అనపకాయల కాలం. మావైపు వాళ్లకు పితికిపప్పు లేకుండా సంక్రాంతి గడవదు. వంటింట్లో రాత్రి కూర్చుని కాయలు ఒలిచి, నానబెట్టి, పప్పు పితుకుతారు. తొక్కలు సంచిలో వేసి వెనక గోడ దగ్గర పెడతారు, పొద్దున తడిచెత్త బండి వస్తుంది కదా అని. ఆ రాత్రి ఎలుకలకు అదే విందు. తడిచెత్త ఏదైనా సరే మూత బిగిసే డ్రమ్ములోకి పోవాలి. ఇడ్లీ పిండి గిన్నెల మీద పళ్లెం కాదు, గట్టి మూత. బియ్యం బస్తాలు నేల మీద కాకుండా జానెడు ఎత్తు చెక్క బల్ల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి, చుట్టూ మనిషి తిరిగి ఊడ్చేలా. పప్పులు, వేరుశనగ రేకు డబ్బాల్లో. ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరుకుతుంది.

ఇలా బయట తిండి తగ్గించి, చలి వల్ల ఎలుకకు ఆకలి పెరిగినప్పుడు బోను బాగా పనిచేస్తుంది. ఎలుకకు కొత్త వస్తువంటే భయం. అందుకే బోను గోడ వెంట, ముగ్గుపిండిలో దారి కనబడ్డ చోట పెట్టి, మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి మాత్రం ఉంచండి. వేరుశనగ ముద్ద, ఎండు చేప, బజ్జీ ముక్క ఏదైనా సరే. తినడం అలవాటయ్యాక నాలుగో రాత్రి తలుపు బిగించండి. ఒక్క బోను కాదు, ఒకే రాత్రి నాలుగైదు చోట్ల పెట్టాలి. చిట్టెలుకకు ఈ భయం తక్కువ, కొత్తదైతే తనే వచ్చి చూస్తుంది. దానికి మొదటి రాత్రే బిగించొచ్చు.

మందు గురించి

పిల్లలుండే ఇంట్లో మందు చివరి మాట. బ్రోమడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. ఎండాకాలంలో అది ఏ డక్ట్‌లోనో చచ్చిందంటే ఒక్కరోజులోనే వాసన పట్టుకుంటుంది, తీయడానికి గోడ పగలగొట్టాలి. పెట్టాల్సి వస్తే చలికాలంలో, ఆరుబయట, తాళం పడే పెట్టెలో పెట్టించండి. పొరపాటున మనిషి తింటే విటమిన్ కె1తో వైద్యం ఉంది, మందు అట్ట ఆసుపత్రికి తీసుకెళ్లండి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడే లేదు, వంటింటి ఛాయలకు రానివ్వకండి.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి మరీ గట్టిగా చెప్పాలి. అవి గాలిలో తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. 2024 నవంబరులో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో ఒక ఇంట్లో పెట్టిన ఎలుకల మందు నుంచి వెలువడ్డ విషానికి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. రాత్రి ఏసీ వేసుకుని తలుపులు మూసుకున్న ఇల్లు. చలికి కిటికీలు బిగించుకునే మన పీజీ గదులు గుర్తొచ్చి ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఆ బిళ్లలు పెట్టనివ్వకండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వస్తే ఏ మందు, ఎక్కడ పెడతారు, ఎంతసేపు గది ఖాళీగా ఉంచాలి అని రాయించుకోండి. రాసివ్వనంటే పంపించేయండి.

తుడవడం, జ్వరం

పెంటికలను పొడి చీపురుతో ఊడ్చకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, చేతులకు గ్లౌజులు వేసుకుని పాతగుడ్డతో తీసి కవర్లో కట్టేయండి. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ క్రిములు తడి నేలలో, నిలవనీళ్లలో వారాల తరబడి బతుకుతాయి, కాళ్ల మీది చిన్న పుండు చాలు లోపలికి పోవడానికి. వానాకాలంలో సంపు దగ్గర, డ్రైనేజీ దగ్గర పనిచేసేవాళ్లకు బూట్లు కొనివ్వండి. మా వాచ్‌మన్ మొదట్లో "వద్దమ్మా, అలవాటే" అనేవాడు. నేను ఒప్పుకోలేదు.

వానలప్పుడు ఎవరికైనా జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మాత్ర వేసి పడుకోబెట్టకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఎలుకలున్నాయని, మురికినీళ్లలో నడిచారని మీరే చెప్పండి. డాక్టరు అడిగేదాకా ఆగొద్దు.